ఎన్ని రెట్లు అని అడగకండి

(షోలాపూర్‌లో యూనియన్ కార్యాలయంలో జరిగిన నెలవారీ సభలో, లైబ్రరీ నిధి ఖర్చుపై చర్చ సందర్భంగా కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎజెండాలో ఆఖరి అంశం చూసి కొందరు నవ్వుకున్నారు. "కార్యదర్శి గారికి కూలి రేట్ల సంగతి అయిపోయిందా, చుక్కల సంగతి పట్టుకున్నాడు" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఇది మన డబ్బుకు, మన పిల్లలకు సంబంధించిన విషయం. అందుకే పది నిమిషాలు నా మాట వినండి.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగినప్పుడు మన రాత్రిబడి పిల్లలంతా ఈ హాలులోనే కూర్చుని టీవీలో చూశారు. అప్పటి నుంచి టెలిస్కోపు కావాలని అడుగుతూనే ఉన్నారు. పోయిన నెల ఒక తమ్ముడు ఒక ప్రకటన కాగితం తెచ్చి చూపించాడు. దాని మీద "525 రెట్లు పెద్దదిగా చూపించును" అని పెద్ద అక్షరాలతో ఉంది. పక్కన వలయాలతో శనిగ్రహం రంగుల బొమ్మ. లైబ్రరీ నిధిలో నుంచి అదే కొందామని అతని ప్రతిపాదన. అతని ఉద్దేశం మంచిదే. కానీ ఆ డబ్బాను నేను ఎరుగుదును. ఒకసారి కొన్నాను.

2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడు. దూరం దాదాపు 5 కోట్ల 57 లక్షల కిలోమీటర్లు. వేల సంవత్సరాలలో అంత దగ్గరికి రాలేదని పత్రికలన్నీ రాశాయి. అప్పటికి నేను మిల్లు విడిచి సాంచాల మీద పనిచేస్తున్నాను. మా పాపకు తొమ్మిదేళ్లు. "బాపూ, నాకు చూపిస్తవా?" అని అడిగింది. రెండు వారాల కూలి పెట్టి ఒక టెలిస్కోపు కొనుక్కొచ్చాను. కొట్టు పేరు ఎందుకులెండి. డబ్బా మీద ఇదే మాట, 525 రెట్లు.

ఒక రాత్రి మబ్బు విడిచింది. డాబా మీద స్టాండు పెట్టి, నాకున్న తెలివితో అన్నిటికంటే ఎక్కువ రెట్లు వచ్చే అద్దమే బిగించాను. గంటసేపు వెతికినా అంగారకుడు అందులోకి రాలేదు. వస్తే నిలవలేదు. చెయ్యి తగిలితే చాలు, గొట్టమంతా వణికేది. చివరకు నారింజ రంగు మసక ఒకటి ఇటు నుంచి అటు జారిపోయింది. పాప కంటికి అది కూడా అందలేదు. "నాకేం కనిపిస్తలేదు బాపూ" అని కిందికి వెళ్లి పడుకుంది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఆ గొట్టం అటక మీదకు పోయింది. రెండు వారాల కూలి పోతే మళ్లీ సంపాదించుకున్నాను. ఆ పిల్ల మళ్లీ అడగకపోవడమే నాకు ఇప్పటికీ బాధ.

కాబట్టి కొనేముందు లెక్క తెలుసుకుందాం. ఈ లెక్క మనకు కొత్తదేమీ కాదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది పిక్ గ్లాసు పట్టినవాళ్లే. గుడ్డ మీద పెట్టి అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కబెట్టే మడత అద్దం. దానితో పని జరగాలంటే ఏం కావాలి? వెలుతురు కావాలి, చెయ్యి కదలకూడదు. చీకట్లో ఎంత పవరున్న అద్దం పెట్టినా పోగు కనిపించదు. ఆకాశం చూసే అద్దానికీ ఇవే రెండు షరతులు: వెలుతురు, నిలకడ. రెట్లు ఆ తర్వాతి మాట.

చీకట్లో మన కంటిపాప బాగా తెరుచుకుంటే పడుచువాళ్లకు సుమారు 7 మి.మీ. ఉంటుంది. చుక్క నుంచి వచ్చే వెలుతురు ఆ రంధ్రంలో పట్టినంతే లోపలికి వస్తుంది. ముందు అద్దం 50 మి.మీ. ఉంటే కంటికంటే దాదాపు 50 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. 150 మి.మీ. అయితే ఆ 50 మి.మీ. అద్దం కంటే తొమ్మిది రెట్లు. కాబట్టి కొట్టువాణ్ణి మొదట అడగవలసింది "ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లు?" అని.

ఇక రెట్లు. ఉన్న నూలు అంతే పెట్టి గుడ్డ వెడల్పు రెండింతలు చేస్తే ఏమవుతుంది? గుడ్డ పలచబడుతుంది. వెలుతురు అంతే ఉండగా రెట్లు పెంచితే బొమ్మ కూడా అలాగే పలచబడి మసకవుతుంది. గొట్టం వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. అనుభవజ్ఞులు చెప్పే కొలత ఒకటుంది: ముందు అద్దం మిల్లీమీటర్లకు రెట్టింపు వరకే రెట్లు పనికొస్తాయి. 60 మి.మీ. అద్దానికి 120. అది కూడా అద్దం మంచిదై, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి మాట.

మరి 525 ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రకం గొట్టం 60 మి.మీ. వెడల్పు, 700 మి.మీ. నాభ్యంతరం. నాభ్యంతరాన్ని కంటి దగ్గర పెట్టే ఐపీస్ కొలతతో భాగిస్తే రెట్లు వస్తాయి. 20 మి.మీ. ఐపీస్ పెడితే 35 రెట్లు. 4 మి.మీ. పెడితే 175. దాని ముందు మూడింతలు చేసే బార్లో అద్దం ఇంకొకటి తగిలిస్తే 525. కాగితం మీద లెక్క తప్పు కాదు. కానీ 120 దాటాక కనిపించేది వట్టి మసక. గెలీలియో 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రుళ్లను కనిపెట్టినది సుమారు 20 రెట్ల గొట్టంతోనే.

ఇలాంటి గొట్టం ఎవరి ఇంట్లోనైనా ఇప్పటికే ఉంటే పారేయకండి. బార్లో అద్దం తీసి పక్కన పెట్టండి. 20 మి.మీ. ఐపీస్ మాత్రమే వాడండి. స్టాండు నడుమ నుంచి నీళ్లు నింపిన సీసా వేలాడదీస్తే వణుకు కొంత తగ్గుతుంది. షష్ఠి నుంచి అష్టమి లోపల చంద్రుణ్ణి చూడండి. గుంటలు, కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. 2003లో నాకు ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే, నాలుగు రోజులు ఆగి పాపకు చంద్రుణ్ణి చూపించేవాణ్ణి.

మరి కొత్తగా మొదలుపెట్టేవాడు ఏం కొనాలి? మొదటి నెల ఏమీ కొనవద్దు. ఉత్త కళ్లతో చూడండి. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లు తెల్లవారుజామున వేగుచుక్కను చూస్తూనే ఉంటారు. కార్తీకంలో సాయంత్రం తూర్పున పిల్లలకోడి లేస్తుంది. వాటినే కృత్తికలంటారు. ఆ తర్వాత మృగశిర దగ్గర వరుసగా మూడు చుక్కలు. ఏ చుక్క ఏ మూలన ఉందో తెలియనివాడికి ఎంత ఖరీదైన అద్దం ఇచ్చినా ఎటు తిప్పాలో తెలియదు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆలోగా ఒక్కసారి ఫోన్ చూశారా, మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి.

తర్వాత కొనవలసింది బైనాక్యులరు. మన పెద్దలు దీన్నీ టెలిస్కోపునూ కలిపి దుర్భిణి అనేవారు. దీని మీద రెండు అంకెలుంటాయి. 10×50 అంటే 10 రెట్లు, ముందు అద్దం 50 మి.మీ. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుతురు కట్ట వెడల్పు వస్తుంది. 10×50కి 5 మి.మీ., 7×50కి 7 మి.మీ. యాభై దాటిన మనబోటివాళ్ల కంటిపాప చీకట్లో కూడా 5 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. 7×50 ఇచ్చే వెలుతురు మన కంట్లో పట్టక కొంత వృథా అవుతుంది. అందుకే పిల్లలూ పెద్దలూ కలిసి వాడేదానికి 10×50 సరిపోతుంది. చెయ్యి వణికేవాళ్లకు మాత్రం 7×50 నిలకడగా ఉంటుంది. 12, 15, 20 రెట్లవి స్టాండు లేకుండా పట్టుకోలేము.

కొట్టులో చూడవలసినవి చెబుతాను, రాసుకోండి.

ఒకటి: రెట్లు మార్చే జూమ్ రకం వద్దు. ముందు అద్దం ఎర్రగా కెంపులా మెరిసేది కూడా వద్దు. ఎరుపు అందంగానే ఉంటుంది గానీ, పడిన వెలుతురులో కొంత వెనక్కి కొట్టేస్తుంది. మంచి పూత పూసిన అద్దం మందమైన ఆకుపచ్చగానో ఊదాగానో మెరుస్తుంది.

రెండు: బైనాక్యులరును మూరెడు దూరంలో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, కంటివైపు అద్దాల్లో కనిపించే తెల్లని బిళ్లలను చూడండి. గుండ్రంగా ఉంటే లోపలి ప్రిజములు మంచివి. అంచులు కోసినట్టు పలకలుగా, మసకగా కనిపిస్తే నాసిరకం. ప్రిజముల గాజు రకం బీఏకే-4 అని రాసి ఉంటే మంచిదే. అయినా రాసినదాని కంటే మీ కన్నే నమ్మకం.

మూడు: కొట్టు బయటికి తెచ్చి దూరంగా ఉన్న సెల్ టవరునో బోర్డు అక్షరాలనో చూడండి. రెండు కళ్లకూ ఒకే బొమ్మ కలవాలి. రెండుగా విడిపోయినా, రెండు నిమిషాలకే కళ్లు లాగినా లోపల గొట్టాలు వంకర ఉన్నట్టు. అది వదిలేయండి. పాతది కొంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఊపి చూడండి, లోపల ఏదీ గలగలలాడకూడదు. వెలుతురుకు పట్టి చూస్తే బూజు దారాలు కనిపించకూడదు.

నాలుగు: కళ్లద్దాలు ఉన్నవాళ్లు వాటితోనే చూడండి. రబ్బరు అంచులు వెనక్కి మడిచి చూసినప్పుడు వలయం మొత్తం కనిపించాలి. అంచులు కోసుకుపోతే ఆ రకం మీకు పనికిరాదు.

వాడేటప్పుడు కుడికన్ను మూసి, నడిమి చక్రం తిప్పి ఎడమకంటికి సరిచేసుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడివైపు ఐపీస్ చక్రం తిప్పి కుడికంటికి సరిచేసుకోవాలి. చాలామంది ఈ రెండో పని తెలియక సామాను బాగాలేదని తిట్టుకుంటారు. బరువు ముప్పాతిక కిలో నుంచి కిలో వరకు ఉంటుంది. నిలబడి చూస్తే చేతులు అదురుతాయి. డాబా పిట్టగోడ మీద మోచేతులు ఆనించండి. లేదంటే మంచం మీద వెల్లకిలా పడుకుని చూడండి.

ఇంకొక మాట, ఇది మనకోసమే. భుజం మీది తుండుతో అద్దం తుడవవద్దు. దాన్నిండా సాంచా దగ్గరి దుమ్ము ఉంటుంది. అద్దం మీది పూత గీతలు పడుతుంది. ముందు రబ్బరు బల్బుతో ఊది, మెత్తని బ్రష్‌తో దులిపి, అవసరమైతేనే కళ్లద్దాల గుడ్డతో తుడవాలి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి పెట్టాలి.

దీనితో ఏం కనిపిస్తుంది? చంద్రుని గుంటలు కనిపిస్తాయి. మోచేతులు ఆనించి చూస్తే గురుగ్రహం పక్కన నాలుగు చంద్రుళ్లు చిన్న చుక్కలుగా కనిపిస్తారు. రోజూ స్థానాలు మారుతుంటారు. గెలీలియో చేసినట్టే పిల్లలు నోటుపుస్తకంలో గీసుకోవచ్చు. ఉత్త కంటికి ఆరేడుగా కనిపించే పిల్లలకోడిలో పదుల కొద్దీ చుక్కలు లేస్తాయి. ఊరి వెలుతురు దాటి పోతే పాలపుంత వట్టి మబ్బులా కాక చుక్కల రాశిగా కనిపిస్తుంది. ఆండ్రోమెడా అనే ఇంకొక పాలపుంత మసక మరకలా కనిపిస్తుంది. దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. శని వలయాలు మాత్రం దీనితో కనిపించవు. వాటికి కనీసం 25, 30 రెట్లు, స్టాండు కావాలి. లేనిది ఉందని చెబితే పిల్లలు మనల్ని నమ్మరు. ముందే చెప్పండి.

ఇక టెలిస్కోపు. ఒక ఏడాది చూశాక ఆశ తగ్గకపోతే అప్పుడు కొందాం. అప్పుడు కూడా సన్న కాళ్ల స్టాండు మీది చిన్న గొట్టం వద్దు. 150 మి.మీ., అంటే ఆరంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ రకం కొనాలి. చెక్కపెట్టె మీద గొట్టం కూర్చుంటుంది. చేత్తో పైకీ కిందికీ, పక్కలకూ తిప్పడమే. కరెంటు లేదు, మోటారు లేదు. సాధారణంగా 1200 మి.మీ. నాభ్యంతరంతో వస్తుంది. 25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు, 10 మి.మీ.తో 120. శని వలయాలు చక్కగా కనిపిస్తాయి. ఖరీదు బైనాక్యులరు కంటే చాలా రెట్లు ఎక్కువ. ఒక ఇంటివాడు కొనే వస్తువు కాదు, పదిమంది కలిసి కొనేది.

ఈ పెట్టెను ప్రచారంలోకి తెచ్చినది జాన్ డాబ్సన్ అనే అమెరికా మనిషి. 1915లో పుట్టి 2014లో చనిపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ మఠం సన్యాసిగా ఉన్నప్పుడు చేతిలో డబ్బులేక, ఓడ కిటికీల తుక్కు గాజును చేత్తో అరగదీసి అద్దం చేశాడు. అట్ట గొట్టం, చెక్కముక్కలు కలిపి టెలిస్కోపు తయారుచేశాడు. 1967లో మఠం నుంచి బయటికి వచ్చాక పేవ్‌మెంటు మీద పెట్టి దారిన పోయేవాళ్లకు ఉచితంగా చూపించాడు. అసలు ఈ గొట్టం పుట్టిందే పనివాళ్ల బల్ల మీద. 1608లో హాలండులో దీనికి పేటెంటు అడిగిన హాన్స్ లిప్పర్‌హే కళ్లద్దాలు చేసుకుని బతికే మనిషి. సాంచా కార్మికుడికి చుక్కలెందుకని నవ్వినవాళ్లకు ఇదే నా జవాబు.

మన తెలుగుగడ్డకు కూడా దీనితో సంబంధం ఉంది. వేణు బాప్పు హైదరాబాదులో పెరిగాడు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు. తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల అద్దంతో ఉన్న పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. మనకు దగ్గరలో పుణెలో 1944 నుంచి జ్యోతిర్విద్యా పరిసంస్థ ఉంది. ఇది ఔత్సాహికుల సంఘం. కొనేముందు అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లి ఒక రాత్రి చూసి రావడం వంద ప్రకటనలు చదవడం కంటే మేలు.

చివరగా ఒక హెచ్చరిక. దీన్ని తేలికగా తీసుకోవద్దు. బైనాక్యులరుతో గానీ టెలిస్కోపుతో గానీ సూర్యుణ్ణి చూడరాదు. ఒక్క క్షణం చాలు, చూపు పోతుంది. అలా కాలినప్పుడు నొప్పి కూడా తెలియదు. చవక టెలిస్కోపులతో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల అద్దం ఒకటి ఇస్తారు. ఎండ వేడికి అది పగులుతుంది. అది కనిపిస్తే మీ చేతులతోనే పగలగొట్టి పారేయండి. సూర్యుని కోసం చేసిన ఫిల్టరు ముందు అద్దానికే బిగించాలి, అది కూడా తెలిసినవాళ్లు దగ్గరుండగానే. 1980 ఫిబ్రవరి 16న గ్రహణం నాడు మా అమ్మ తలుపులు వేసి మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టింది. ఆనాడు భయంతో ఏమీ చూడలేదు. ఇప్పటి పిల్లలు భయపడకూడదు, అలాగని అజాగ్రత్తగానూ ఉండకూడదు.

నా ప్రతిపాదన ఇది. 525 రెట్ల డబ్బా వద్దు. లైబ్రరీ నిధితో 10×50 బైనాక్యులర్లు రెండు కొందాం. కొనడానికి ఇద్దరు సభ్యులు వెళ్లాలి, నేను చెప్పిన నాలుగు పరీక్షలు చేసి తేవాలి. పుస్తకాల మాదిరే రిజిస్టరులో రాసి మూడు రోజులకు ఇంటికి ఇద్దాం. నెలకొకసారి షష్ఠి, అష్టముల మధ్య వచ్చే రాత్రి ఈ హాలు డాబా మీద అందరం చూద్దాం. ఏడాది తర్వాత రిజిస్టరు తీసి లెక్కపెడదాం. పిల్లలు నిజంగా వాడి ఉంటే అప్పుడు ఆరంగుళాల డాబ్సోనియన్ కోసం చందా మొదలుపెడదాం.

కూర్చునేముందు ఇంకొక్క మాట. 2020 డిసెంబరు 21న గురుడు, శని ఆకాశంలో దాదాపు ఒకరినొకరు ఆనుకున్నట్టు కనిపించారు. లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయి నలిగిన ఏడాది అది. రైల్వేలో పనిచేసి రిటైరైన మా పొరుగాయన దగ్గర పాత 10×50 ఉంటే అడిగి తెచ్చాను. మా పాప పుట్టింటికి వచ్చి ఉంది. డాబా మీద పిట్టగోడకు మోచేతులు ఆనించి చూసింది. ఒకే వలయంలో రెండు గ్రహాలు, గురుని పక్కన సన్నని చుక్కలు. ఆ పైన అర్ధచంద్రుడు. దాన్ని కూడా చూసింది. చాలాసేపు కళ్ల దగ్గరి నుంచి తీయలేదు. తర్వాత నా చేతికిచ్చి, "బాపూ, అప్పుడు ఇదే కొనకపోతివి" అంది.

నా దగ్గర జవాబు లేదు. మీ పిల్లలకు మీరు ఆ జవాబు చెప్పుకోవలసిన పని రాకూడదనే ఇంతసేపు మాట్లాడాను. ప్రతిపాదన మీ ముందుంది. చర్చించి నిర్ణయం చేయండి.

సెలవు.